నిక్కో అడవిలో కాలినడకన: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ చూడటానికి వచ్చే బంధుమిత్రులు, కొత్తగా ఉద్యోగానికి వచ్చిన తెలుగువాళ్లు నిక్కో గురించి నన్ను పదేపదే అడిగే ప్రశ్నలివి. ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు ఒకసారి సరిచూసుకోండి. కొండలూ చెట్లూ మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

నిక్కో ఎక్కడుంది? అక్కడ చూడవలసినవి గుళ్లా, అడవా?

టోక్యోకు ఉత్తరాన తొచిగి ప్రాంతంలో, సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. రైలు దారిలో సుమారు 135 కిలోమీటర్లు. ఫుతారసన్, తోషోగు అనే రెండు షింటో (జపాన్ దేశవాళీ మతం) ఆలయాలు, రిన్నోజి అనే బౌద్ధాలయం ఒకే కొండవాలు మీద, ఒకే అడవిలో ఉంటాయి. వీటికి చెందిన 103 కట్టడాలను, వాటి చుట్టూ ఉన్న అడవిని కలిపి యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక గుళ్లా, అడవా అంటే, నా ఓటు ముందు అడవికే. చాలామంది తోషోగు బంగారు ద్వారం ముందు ఫొటో దిగి వెనక్కి వెళ్లిపోతారు. కానీ షోదొ అనే సన్యాసి ఇక్కడికి వచ్చి తొలి ఆశ్రమం కట్టింది 766లో. ఆయన వచ్చింది కొండల్ని కొలవడానికి. తోషోగు వెలిసింది 1617లో, అంటే ఎనిమిదిన్నర శతాబ్దాల తరువాత. ముందు కొండ దేవతల్ని పలకరించి ఆ తరువాత షోగన్ల (జపాన్‌ను ఏలిన సైనిక పాలకుల) దర్బారుకు, అంటే తోషోగుకు వెళితే ఈ ఊరు సరైన వరుసలో అర్థమవుతుంది.

టోక్యో నుంచి ఎలా వెళ్లాలి?

సులువైన దారి టోక్యోలోని అసకుస నుంచి తోబు సంస్థ రైలు. లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ రెండు గంటల లోపే దింపుతుంది, సీటు ముందుగా రిజర్వు చేసుకోవాలి. జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ ఉన్నవారు షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఉత్సునొమియా దాకా వెళ్లి, అక్కడ జేఆర్ నిక్కో లైను రైలు ఎక్కాలి. ఆ పాస్ తోబు లైను మీద చెల్లదు. నిక్కోలో రెండు సంస్థల స్టేషన్లూ దగ్గరదగ్గరగానే ఉంటాయి.

స్టేషను నుంచి షింక్యో వంతెన దాకా బస్సులో కొద్ది నిమిషాలు పడుతుంది. నడిస్తే అరగంట, దారంతా కొద్దికొద్దిగా ఎత్తెక్కుతుంది. వెళ్లేటప్పుడు బస్సెక్కి, తిరుగు ప్రయాణంలో దుకాణాలు చూసుకుంటూ దిగువకు నడవడం మేలు.

నడక ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ వరుసలో సాగాలి?

ఈ కొండల కుటుంబం గురించి తెలిస్తే దారి దానంతటదే తెలుస్తుంది. నిక్కో వెనుక నిలిచిన మూడు శిఖరాలను ఒక కుటుంబంగా కొలుస్తారు. నన్‌తై తండ్రి, న్యొహో తల్లి, తారో కొడుకు. ఫుతారసన్ ఆలయానికి ఈ అడవిలో మూడు సన్నిధులున్నాయి. హోంగు కొడుకుది, తకినొఓ తల్లిది, ఈనాటి ప్రధానాలయం తండ్రిది. నేను చెప్పే దారి ఈ మూడింటినీ కలుపుతుంది.

దైయా నది మీది ఎర్రటి షింక్యో వంతెన దగ్గర మొదలుపెట్టండి. షోదొ నది దాటలేక నిలబడితే రెండు పాములు అడ్డంగా పరుచుకుని వంతెనగా మారాయని స్థలపురాణం. 1902 వరదలో వంతెన కొట్టుకుపోగా 1904లో మళ్లీ కట్టారు. దాని మీద నడవాలంటే రుసుము ఉంది. పక్కనున్న రోడ్డు వంతెన మీద నుంచే అది బాగా కనబడుతుంది కాబట్టి ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

వంతెన దాటగానే జనమంతా తోషోగు మెట్ల వైపు వెళతారు. మీరు హోంగు ఆలయం మెట్లెక్కండి. దాని వెనుకే షోదొ తొలి ఆశ్రమం షిహొన్‌ర్యూజి ఉన్న చోటు, అక్కడ మూడంతస్తుల ఎర్రటి పగోడా కనిపిస్తాయి. ఇంత దగ్గరగా ఉన్నా అక్కడ మనుషుల అలికిడే ఉండదు. అక్కడి నుంచి పైకి వెళితే షోదొ పేరిట వెలిసిన మందిరం కైసన్‌దో వస్తుంది. 817లో కన్నుమూసిన షోదొ సమాధి దాని వెనుకే ఉంది.

కైసన్‌దో పక్కన గర్భిణులు మొక్కుకునే చిన్న గుడి ఒకటుంది. దాని ముందు చదరంగం పావుల్లాంటి చెక్కముక్కలు వరుసగా పెట్టి ఉంటాయి. జపాన్ చదరంగమైన షోగిలో క్యోష అనే పావు ముందుకే తప్ప వెనక్కీ పక్కకీ కదలదు. బిడ్డ కూడా అలా నేరుగా బయటికి రావాలని కోరుకుంటూ ఒక పావును ఇంటికి తీసుకెళ్లి, కాన్పు సుఖంగా అయ్యాక కొత్త పావు చేయించి తెచ్చి పెడతారు. నిక్కో మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మొక్కు ఇదే.

ఇక్కడి నుంచి రాళ్లు పరిచిన పాత బాట మొదలవుతుంది. రెండు పక్కలా నిటారుగా దేవదారును పోలిన సుగి చెట్లు, రాళ్ల మీద నాచు, ఎక్కడో నీటి చప్పుడు. చదువుల దేవుడిగా కొలిచే తెంజిన్‌కు చెందిన కితనో ఆలయం, ఆ తరువాత షిరఇతొ అనే చిన్న జలపాతం వస్తాయి. అవి దాటితే తకినొఓ. 820లో కూకై అనే బౌద్ధ గురువు స్థాపించాడని ఆలయ సంప్రదాయం చెబుతుంది. ముందున్న రాతి తొరిఇ ద్వారం పైభాగంలో ఒక గుండ్రటి కన్నం కనిపిస్తుంది. మూడు గులకరాళ్లు విసిరి ఎన్ని ఆ కన్నంలోంచి వెళ్లాయో చూసుకుని అదృష్టం లెక్కవేసుకుంటారు. తల పెద్దగా ఎత్తి విసరాలి కాబట్టి వెనుక ఎవరైనా ఉన్నారేమో చూసుకోండి. గర్భాలయం వెనుక కంచె వేసిన మూడు సుగి చెట్లున్నాయి. ఆ తల్లి ప్రత్యక్షమైన చోటు అదేనంటారు.

తకినొఓ నుంచి వచ్చిన దారినే వెనుదిరగకుండా, ఎత్తెక్కి గ్యోజదో అనే మందిరం మీదుగా దిగితే తండ్రి సన్నిధి, అంటే ఫుతారసన్ ప్రధానాలయం పక్కకు చేరతారు. వంతెన దగ్గర నుంచి ఇక్కడి దాకా తీరుబడిగా నడిస్తే రెండున్నర గంటలు. షోగన్ ఇయెమిత్సు సమాధి మందిరమైన తాయుఇన్, తోషోగు రెండూ అక్కడికి కూతవేటు దూరంలోనే ఉంటాయి.

అడవి దారి భద్రమేనా? ఎలుగుబంట్లు ఉంటాయట కదా?

ఉంటాయి. నిక్కో కొండల్లో నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి, హెచ్చరిక బోర్డులూ కనిపిస్తాయి. పట్టపగలు, ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ వెళ్లండి. సంచికి చిన్న గంట కట్టుకుంటే ఇంకా మంచిది. మనిషి వస్తున్నాడని ముందే తెలిస్తే ఎలుగు సాధారణంగా తప్పుకుంటుంది. తెల్లవారకముందు, చీకటి పడుతున్నప్పుడు ఆ దారి వద్దు. కోతులు ఊళ్లోకి కూడా వస్తాయి, వాటికి తిండి చూపించకండి.

అసలు ప్రమాదం కాళ్ల కిందే ఉంది. నాచు పట్టిన రాళ్లు వాన పడితే జారుతాయి, చలికాలంలో మంచుగడ్డ కడుతుంది. చెప్పులు, అరిగిన బూట్లు పనికిరావు.

షింటో ఆలయమేదో, బౌద్ధాలయమేదో ఎలా గుర్తుపట్టాలి?

ద్వారం దగ్గర తొరిఇ ఉంటే షింటో, ధూపం వాసన, బుద్ధ విగ్రహం ఉంటే బౌద్ధం అని అందరూ చెబుతారు. నిక్కోలో ఈ సూత్రం సరిగా పనిచేయదు. తోషోగులోకి అడుగుపెట్టగానే ఐదంతస్తుల బౌద్ధ పగోడా ఎదురవుతుంది. వెయ్యేళ్లకు పైగా ఇక్కడ రెండు మతాలూ కలిసే సాగాయి. కొండ దేవతలు బుద్ధ బోధిసత్త్వుల అవతారాలేనని నమ్మేవారు. 1868లో షోగన్ల తరువాత వచ్చిన మేజి చక్రవర్తి ప్రభుత్వం రెండింటినీ విడదీయాలని శాసించడంతో ఒకే క్షేత్రం మూడు సంస్థలుగా చీలింది. అందుకే ఈనాడు మూడు సంస్థల టిక్కెట్లూ వేరువేరు.

దండం ఎలా పెట్టాలి? మన పద్ధతిలో నమస్కరిస్తే తప్పా?

ఎవరూ తప్పు పట్టరు. అక్కడి పద్ధతి తెలుసుకుంటే చక్కగా ఉంటుంది, అంతే. లోపలికి వెళ్లేముందు నీటితొట్టి దగ్గర ఎడమ చేయి, కుడి చేయి కడిగి, ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటెకు నోరు ఆనించకూడదు. షింటో ఆలయంలో చిల్లర వేసి, రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మనసులో కోరుకుని, మళ్లీ ఒకసారి వంగాలి. బౌద్ధాలయంలో చప్పట్లు కొట్టరు, చేతులు జోడిస్తే చాలు. తొరిఇ కింద నడిచేటప్పుడు మధ్యదారి దేవుడిదని పక్కగా నడుస్తారు.

కొబ్బరికాయ, హారతి, ప్రదక్షిణ ఇక్కడి ఆచారాలు కావు. గుడి చుట్టూ తిరగాలని చూస్తే చాలాచోట్ల దారే ఉండదు.

మైలలో ఉన్నవారు వెళ్లవచ్చా?

పెద్దవాళ్లు తప్పక అడిగే ప్రశ్న. షింటోలోనూ మన మైల వంటి భావన ఉంది. ఇంట్లో ఎవరైనా పోతే సుమారు 50 రోజులు తొరిఇ దాటకూడదని జపాన్ పెద్దలు పాటిస్తారు. బౌద్ధాలయానికి ఆ పట్టింపు లేదు. ద్వారం దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అడగరు, నిర్ణయం మీదే. పూర్వం ఆడవాళ్లను నన్‌తై శిఖరం మీదికి రానిచ్చేవారు కాదు. ఆ నిషేధం 1872లో పోయింది.

తోషోగులో ఏమేమి చూడాలి?

తొకుగవ షోగన్ల పాలనకు పునాది వేసిన ఇయెయసు 1616లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆయన్ని తెన్‌కై అనే బౌద్ధ గురువు ఆధ్వర్యంలో ఇక్కడికి తెచ్చి దేవుడిగా ప్రతిష్ఠించారు. ఈనాటి వైభవమంతా మనవడు ఇయెమిత్సు 1636లో పూర్తిచేయించిన పునర్నిర్మాణం. జపాన్ అంటే నిరాడంబరమైన చెక్క, తెల్లటి కాగితం అని ఊహించుకుని వచ్చినవారికి ఇక్కడి రంగులు, బంగారం, కిక్కిరిసిన శిల్పాలు కాసేపు ఊపిరాడనివ్వవు. గాలిగోపురాల మధ్య పెరిగిన మనకు అంత కొత్తగా ఉండదు.

ఐదంతస్తుల పగోడా ఎత్తు సుమారు 36 మీటర్లు. పాతది 1815లో కాలిపోతే 1818లో తిరిగి కట్టారు. లోపలి నడిమి స్తంభం నేలను తాకదు, నాలుగో అంతస్తు నుంచి గొలుసులతో వేలాడుతుంది.

తరువాత గుర్రపుశాల. చెడు చూడని, వినని, మాట్లాడని మూడు కోతులు ఇక్కడివే. అందరూ ఆ ఒక్క పలక ముందే ఆగుతారు కానీ పలకలు మొత్తం ఎనిమిది. తల్లి కోతి బిడ్డ భవిష్యత్తు వైపు చూడటంతో మొదలై, పెరగడం, దిగులు, ప్రేమ, మళ్లీ గర్భం దాకా ఒక జీవితమంతా ఉంది. ఆ మూడు కోతుల పలక రెండోది, పసితనం గురించి చెప్పేది. కోతులు గుర్రాలను జబ్బుల నుంచి కాపాడతాయన్న నమ్మకం వల్ల వాటిని గుర్రపుశాల మీద చెక్కారు.

ఎదురుగా ఉన్న గిడ్డంగి పైభాగంలో రెండు ఏనుగులున్నాయి. వాటికి నమూనా గీసిన కనో తన్‌యూ ఏనుగును ఎన్నడూ చూడలేదు, విన్నదాన్ని బట్టి గీశాడు. ఏనుగు సేవలు చూసిన తెలుగువాళ్లకు ఆ చెవులు, ఆ తోక చూస్తే నవ్వాగదు.

యోమెయ్‌మోన్ ద్వారం మీద 508 శిల్పాలు ఉన్నాయి. పన్నెండు స్తంభాల్లో ఒకదాని మీది నగిషీని కావాలనే తలకిందులుగా చెక్కారు. పరిపూర్ణమైన మరుక్షణం నుంచే క్షయం మొదలవుతుంది కాబట్టి పని ముగియనట్టే ఉంచారట. దాన్ని వెతికి పట్టుకోవడం పిల్లలకు మంచి కాలక్షేపం.

నిద్రపోతున్న పిల్లి బొమ్మ చాలా చిన్నది. తలెత్తకుండా కిందనుంచి దాటిపోయి, ఆ తరువాత పిల్లి ఎక్కడని అడిగేవారు ఎందరో. హిదరి జింగొరో చెక్కాడని ప్రతీతి. దాని వెనుక వైపు పిచ్చుకలున్నాయి, వాటినీ చూడండి. అక్కడి నుంచి 207 రాతిమెట్లు ఎక్కితే ఇయెయసు సమాధి. కింద అంత ఆర్భాటం చేసి, మనిషిని పడుకోబెట్టిన చోట మాత్రం రంగుల్లేని కంచు గోపురం ఒక్కటే పెట్టారు, చుట్టూ సుగి చెట్లు. మోకాళ్లు సహకరిస్తే ఎక్కి తీరాలి.

చివరగా హోంజిదో. కప్పు మీద పెద్ద డ్రాగన్ బొమ్మ ఉంది. పూజారి దాని తల కింద నిలబడి చెక్క దిమ్మెలు కొడితే గంటలు మోగినట్టు ప్రతిధ్వని వస్తుంది, పక్కకు జరిగి కొడితే రాదు. 1961 అగ్నిప్రమాదంలో పాత మందిరం కాలిపోయింది, ఇప్పటిది ఆ తరువాత కట్టినది.

తోషోగు చూశాక తాయుఇన్ కూడా చూడాలా?

చూడాలి. తొందరలో ఉన్నవారు వదిలేసేది దీన్నే, నాకు మాత్రం తోషోగు కన్నా ఇదే ఇష్టం. ఇయెమిత్సు సమాధి మందిరమిది, 1653లో పూర్తయింది. తాతగారిని మించకూడదని అలంకారం తగ్గించారంటారు. నలుపు, బంగారు రంగులే ఎక్కువ. ద్వారం తరువాత ద్వారం దాటుతూ మెట్లెక్కుతుంటే అడవి దగ్గరవుతుంది, జనం పలచబడతారు.

మన దేవతలు ఎక్కడైనా కనిపిస్తారా?

వెతికితే చాలా చోట్ల. రిన్నోజిలోని సన్‌బుత్సుదో మందిరంలో ఏడు మీటర్లు దాటిన మూడు బంగారు విగ్రహాలున్నాయి. మధ్యలో అమిద, అంటే అమితాభుడు. ఒక పక్క వెయ్యి చేతుల కన్నొన్, అంటే అవలోకితేశ్వరుడు. మరో పక్క తల మీద గుర్రం శిరస్సు ధరించిన కన్నొన్, ఇది బౌద్ధంలోని హయగ్రీవ రూపం. ఇందాక చెప్పిన మూడు కొండలకూ ఈ ముగ్గురూ బౌద్ధ రూపాలు. తల్లి కొండ న్యొహోకు అమితాభుడు, తండ్రి నన్‌తైకి వెయ్యి చేతుల కన్నొన్, కొడుకు తారోకు హయగ్రీవుడు.

ఆ మందిరం వెనుక దైగొమదోలో రోజూ హోమం జరుగుతుంది. కట్టెలు పేర్చి నిప్పు రాజేసి, ఢంకా మోత మధ్య మంత్రాలు చదువుతారు. భారతదేశం నుంచి మంత్రయాన బౌద్ధంతో పాటు చైనా మీదుగా వచ్చిన ఆచారమిది. వేళ కుదిరితే వెనుక వరుసలో కూర్చుని చూడండి. తాయుఇన్‌లో ఒక ద్వారానికి నలుగురు యక్షులు కాపలా ఉన్నారు. కైసన్‌దో వెనుక కొండరాయి దగ్గర నిలిచిన రాతి విగ్రహాల్లో బ్రహ్మ, ఇంద్రుడు ఉన్నారు.

ఇంకొక బంధం మనకు మరీ దగ్గరిది. రిన్నోజి తెందాయ్ శాఖకు చెందిన ఆలయం. ఆ శాఖ తన గురుపరంపరను ఆచార్య నాగార్జునుడితో మొదలుపెడుతుంది. శ్రీపర్వతంతో, మన నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే నాగార్జునుడే ఆయన.

ఈ చెట్లు ఎంత పాతవి?

ఇవి సుగి చెట్లు, దేవదారును పోలి ఉంటాయి. ఊరి బయట పాత రహదారుల వెంబడి నాటిన వరుసలు 35 కిలోమీటర్లకు పైగా సాగుతాయి. మత్సుదైర మసత్సున అనే సామంతుడు 17వ శతాబ్దంలో ఇరవై ఏళ్లకు పైగా నాటించి తోషోగుకు సమర్పించాడు. నేటికి సుమారు 12,000 చెట్లు మిగిలాయి. వాటి సంరక్షణకు 1996లో ఒక ఉపాయం పెట్టారు. కోటి యెన్‌లు కట్టినవారు ఒక చెట్టుకు యజమాని అవుతారు, ఆ సొమ్ము మీద వచ్చే ఆదాయంతో చెట్లను కాపాడతారు. చెట్టును ఇంటికి తీసుకెళ్లడం కుదరదనుకోండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

నిక్కో ప్రత్యేక వంటకం యుబ. సోయా పాలు కాచినప్పుడు పైన కట్టే పొర, మన పాల మీద మీగడ లాంటిది. అది శాకాహారమే కానీ దాన్ని ఉడికించే చారులో తరచుగా ఎండు చేప సారం ఉంటుంది. సోబ నూడుల్స్ చారుదీ అదే సంగతి. గట్టిగా పాటించేవారు చారులో చేప సారం ఉందా అని జపనీస్‌లో రాయించుకుని చూపించడం మంచిది. తీపి కావాలంటే యోకన్ కొనండి. చిక్కుడు జాతి గింజల పిండి, పంచదార, సముద్రపు నాచు నుంచి తీసే అగర్‌తో చేస్తారు.

పులిహోర కట్టుకుని వెళ్లడం ఎప్పటికీ మంచి ఉపాయమే. ఆలయ ప్రాంగణాల్లో తినకండి, బయట బల్లల దగ్గర తినండి. చెత్తబుట్టలు దాదాపు కనిపించవు కాబట్టి ఖాళీ సంచి వెంట ఉంచుకుని చెత్తను తిరిగి తీసుకెళ్లాలి.

ఏ కాలంలో వెళ్లాలి?

అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా ఆకులు ఎర్రబడతాయి, జనం కూడా అప్పుడే విరగబడతారు. మే 18న తోషోగు ఉత్సవంలో సమురాయ్ వేషాల్లో వెయ్యిమంది ఊరేగుతారు. నన్నడిగితే జూన్ వానాకాలం. నాచు పచ్చగా మెరుస్తుంది, చెట్ల మధ్య పొగమంచు తిరుగుతుంది, బృందాలు తక్కువ. గొడుగు, జారని బూట్లు ఉంటే చాలు. జనవరి, ఫిబ్రవరిల్లో అడవి బాట జోలికి పోకండి.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు నడవగలరా?

తోషోగు మెట్లు ఎత్తుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారు పగోడా, కోతులు, ఏనుగులు చూసి, సన్‌బుత్సుదోలో కూర్చుంటే సరిపోతుంది. చక్రాల కుర్చీకి, పిల్లల బండికి ఈ చోటు అనుకూలం కాదు. అడవి బాటలో ఏడెనిమిదేళ్ల పిల్లలు మనకన్నా హుషారుగా నడుస్తారు.

టిక్కెట్లు, వేళలు, ఫొటోల సంగతి?

తోషోగు ప్రవేశం పెద్దవారికి 1,600 యెన్‌ల దాకా ఉంటుంది. రిన్నోజి, తాయుఇన్‌లకు అంతకన్నా చాలా తక్కువ. ఫుతారసన్ ఆవరణలో చాలా భాగం, అడవి దారి అంతా ఉచితం. తోషోగు ఉదయం 9కి తెరుస్తారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సాయంత్రం 5కి, మిగతా నెలల్లో 4కే మూసేస్తారు, అరగంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. బయట ఫొటోలు తీసుకోవచ్చు, మందిరాల లోపల నిషేధం. చాలా చోట్ల బూట్లు విప్పాలి, కాబట్టి సాక్సు చిరిగినవి వేసుకోకండి.

ఒకే రోజులో చూజెంజి సరస్సు, కెగోన్ జలపాతం కూడా కలుపుకోవచ్చా?

అందరూ కలుపుతారు, నేను వద్దంటాను. 97 మీటర్ల ఎత్తు నుంచి దూకే కెగోన్, 1,269 మీటర్ల ఎత్తున ఉన్న సరస్సు చూడదగ్గవే. కానీ 48 మలుపుల ఇరొహజక ఘాట్ రోడ్డు మీద ఆకులు ఎర్రబడే రోజుల్లో వాహనాలు గంటల తరబడి కదలవు. ఒక్క రోజే ఉంటే పొద్దున పదికల్లా చేరి, మధ్యాహ్నం దాకా అడవి నడిచి, తిని, తాయుఇన్ చూసి, బృందాలు వెళ్లిపోయాక రెండున్నర ప్రాంతంలో తోషోగులో అడుగుపెట్టండి. నాలుగింటికే మూసే నెలల్లో ఇదంతా ఒక గంట ముందుకు జరపండి. సరస్సు కూడా చూడాలంటే ఊళ్లో ఒక రాత్రి బస చేసి, మర్నాడు తొలి బస్సుల్లో పైకి వెళ్లండి.